వంద వాట్ల పగ

"ఈ అంగట్లో అన్నిటికంటే గట్టిగా అరిచేది యాది?"

అనంతపురంలోని ఆ వాద్యాల దుకాణంలో ఇంత సూటి ప్రశ్న అంతవరకు ఎవరూ సంధించలేదు. దుకాణదారు ఇమ్మానుయేల్ ఆదివారాలు చర్చిలో గిటారు వాయిస్తాడు. స్వరమాధుర్యాన్ని గురించి అడిగేవారికే అతడు అలవాటుపడ్డాడు. ఎదుట నిలిచిన ఓబులేసు మెలితిరిగిన మీసాన్ని చూడగానే అతడు రెండడుగులు వెనక్కి వేశాడు.

"గిటారుకు ఆంప్లిఫయరు కావాలన్నా. వాల్వులది," అని ఓబులేసు కూతురు రేఖ సర్దిచెప్పింది. "గిటారు నా దగ్గర ఉండాది."

ఇమ్మానుయేల్ ఊపిరి పీల్చుకుని ఒక చిన్నపెట్టెను ముందుకు జరిపాడు. "ఇంట్లో వాయించుకునేదానికి ఇది చాలు పాపా. పదహైదు వాట్లు. పక్కింటోళ్లకు గూడా ఇబ్బంది ఉండదు."

"ఇబ్బంది ఉండాల," అన్నాడు ఓబులేసు. "ఇబ్బంది పెట్టేదానికే వచ్చినా."

పిమ్మట ఆయన తన పగను ఇతిహాసస్థాయిలో వివరించాడు. శత్రువు వంశానికీ ఓబులేసు వంశానికీ తండ్రుల నాటి నుంచి వైరం. వాన ముఖం చాటేసే ఆ ఎర్రనేలలో, శింగనమల దాపున, ఓబులేసుకు కాస్త వేరుశనగ చేను ఉంది. కిందటేడు పంట చేతికందబోయే వేళకు శత్రువు సపరివారంగా విచ్చేసి, చేనును నేలమట్టం చేసి, వెనుదిరిగి చూడనైనా చూడక నిష్క్రమించారు. ఈ ఏడు మళ్లీ కాయ గట్టిపడుతోంది. ఇదీ పోతే సేద్యం మానుకుని, బెంగళూరులో ఏ అపార్టుమెంటు గేటు ముందో ఈల ఊదుతూ నిలబడడమే ఆయనకు మిగిలిన దారి.

"పెద్దమనుషుల్లో పెట్టకూడదా అన్నా?"

"వాడు కూచుంటాడా పంచాయితీకి?"

"పోనీ, కేసు?"

"చట్టమంతా వాని దిక్కే ఉండాదప్పా! వాడు నా చేను నాశనం చేస్తే అర్జీ రాసుకోమంటారు. నేను వాని మీద చెయ్యేస్తే నన్ను లోపలేస్తారు."

ఇమ్మానుయేల్ ఈ సీమలోనే పుట్టి పెరిగినవాడు. చట్టం ఎవరి పక్షాన నిలిచి ఉందో వారి పేరు అడగరాదన్న మర్యాద తెలిసినవాడు. 

"మైకులో బెదిరించి చూసినా," అన్నాడు ఓబులేసు. "రికార్డు చేసిన అరుపులు. మూన్నాళ్లు జంకినాడు. ఆ తర్వాత మైకు కిందనే నడుం వాల్చినాడు, సిగ్గులేని నా బట్ట!"

"దినామూ ఒకే అరుపయితే ఎవరికైనా అలవాటయితాది నాయనా," అంది రేఖ. "చేత్తో వాయిస్తే దినానికొక రకం."

ఈ యుద్ధతంత్రానికీ, ఆంప్లిఫయరు లేక ఆమె గది మూలన మూగబోయి ఉన్న గిటారుకూ ఎలాంటి సంబంధమూ లేదని మనం విశ్వసిద్దాం.

పోటీ చివరికి రెండింటి మధ్య మిగిలింది. ఒకటి యాభై వాట్లది. రెండోది వంద వాట్లది. దాని వెనుకభాగాన నాలుగు పెద్ద గాజు వాల్వులు దిక్పాలకుల్లా కొలువుతీరి ఉన్నాయి.

ఇమ్మానుయేల్ లోపలి కళాకారుడు భయాన్ని అణచుకుని సత్యం పలికాడు. "యాభైదే తీసుకోండన్నా. తొందరగా గొంతు చిట్లి గర్జిస్తాది. వందది నిండుగా తిప్పితేగాని చిట్లదు. అంత తిప్పేదానికి మీకు చోటు యాడుంటాది?"

"చేను దగ్గర. చుట్టూ ఒక్క ఇల్లు లేదు. వాడు తప్ప ఎవరికీ వినపడదు."

ఇమ్మానుయేల్ మనసులో ఒక ప్రార్థన మొదలైంది.

"వందది రెండంతలు అరుస్తాదా?" ఓబులేసు అడిగాడు.

"లేదన్నా. కొంచెమే ఎక్కువ."

"ఆ కొంచెమే కావాల నాకు."

తగిన స్పీకరు పెట్టెతో సహా దాన్ని ఆటోకు ఎక్కిస్తూ, ఇమ్మానుయేల్ రేఖకు చెప్పాడు: ముందు స్పీకరు వైరు తగిలించాలి, తర్వాతే కరెంటు, వాల్వులు వేడెక్కేవరకు తీగ మీద చెయ్యి పడినా ఫలితం శూన్యం.

పొద్దు గూకుతుండగా మోటరు షెడ్డు నుంచి కరెంటు లాగి, తండ్రీకూతుళ్లు చేని గట్టున మాటు వేశారు. రేఖ స్విచ్చి వేసిందో లేదో, శత్రువు రానే వచ్చారు. ముందు ఆయన, వెనుక ధర్మపత్ని, ఆ వెనుక వయసుల వారీగా సంతానం. ఎవరి చేనులోకి ఎవరు వచ్చారో తెలియని వారికి, భూస్వామి తన పొలాన్ని తనిఖీ చేస్తున్నట్టే తోచేది.

ఓబులేసు కళ్లెదుటే మొదటి సాలు చెడింది.

"వాయించు పాపా!"

"వేడెక్కలేదు నాయనా!"

రెండో సాలు చెడింది. ఓబులేసు పళ్లు కొరికాడు. రెండు తరాలు ఆగగలిగాడు గాని, ఈ ఒక్క నిమిషం ఆగడం ఆయన వల్ల కాలేదు. మూడో సాలు సగానికి వచ్చేసరికి గాజుబుడ్లలో నిప్పు రంగు నిండింది. రేఖ ఆంప్లిఫయరు మీది మరలన్నీ చివరికంటా తిప్పి, ఆరు తీగలనూ ఒక్క దెబ్బతో మీటింది.

ఎర్రమట్టి అదిరింది. కంచెలోని కంజు పిట్టలు ఒక్కపెట్టున లేచిపోయాయి. శత్రువు కొయ్యబారి నిలిచారు. రేఖ రెండోసారి మీటింది; తీగల గొంతు నిలువునా చిట్లి, కొండను తాకి, గర్జనగా తిరిగివచ్చింది.

ఓబులేసు తొడగొట్టాడు. "మా నాయన కాలం నుంచి మా కష్టం తింటిరి గదరా! ఇప్పుడు రారా, చూసుకుందాం!"

రెండు తరాల వైరంలో మొదటిసారిగా ఓబులేసు వంశానికి వెన్ను చూపి, నోట కరిచిన వేరుశనగ చెట్టును మాత్రం వదలకుండా, పొట్టితోకను నిటారుగా నిలిపి, పెళ్లాంపిల్లలతో కొండ వైపు దౌడు తీసింది ఆ అడవి పంది.