సెకనుకు ఎన్ని మోల్‌లు

“తప్పు,” అన్నాడు సుదర్శన్ సారు, శరణమ్మ ఇంకా పెన్ను మూత పెట్టకముందే.

జహీరాబాద్ దగ్గర హైవే పక్కనున్న ఆ రసాయనాల ఫ్యాక్టరీ కంట్రోల్ రూమ్‌లో ముగ్గురే ఉన్నారు. పరీక్ష పెట్టడానికి హైదరాబాద్ హెడ్ ఆఫీసు నుంచి దిగబడిన సుదర్శన్ సారు. ఏడేళ్ళుగా కాంట్రాక్టు మీద ఆ ప్యానెల్ ముందే కూర్చుంటున్న శరణమ్మ. పోయిన సోమవారం చేరిన బీటెక్ సచిన్. పర్మనెంట్ ఉద్యోగం ఒకటే ఉంది. అది రాకపోతే ఈ నెలాఖరుకు శరణమ్మ గేటు బయట ఉంటుంది.

ప్రశ్న కూడా ఒకటే. రియాక్టర్‌లోకి పోయే అమ్మోనియాను కొలిచే పాత మీటరు తీసేసి, ఆ పొద్దునే కొత్తది బిగించారు. పాతది గంటకు ఎన్ని కిలోమోల్‌లు పోతున్నాయో చూపేది. కొత్తది సెకనుకు ఎన్ని మోల్‌లో చూపిస్తుంది. అరటిపళ్ళకు డజను ఎలాగో గ్యాసుకు మోల్ అలాగ, అదొక లెక్క. పాత మీటరు మీద ముప్పై ఆరు ఉండేది. ఇప్పుడూ అంతే గ్యాసు పోవాలంటే కొత్తదాని మీద ఎంత పెట్టాలి?

శరణమ్మ పది అని రాసింది. సచిన్ నూట ఇరవై తొమ్మిది పాయింట్ ఆరు అని రాశాడు.

“ఎట్ల తప్పు సార్?” అంది శరణమ్మ. “కిలో అంటే వెయ్యి. గంటకు మూడువేల ఆరునూర్ల సెకన్లు. ముప్పై ఆరును వెయ్యితోని గుణించి మూడువేల ఆరునూర్లతోని భాగించిన. పదే వస్తది.”

“నువ్వు ఐటీఐ కదా?”

“అవును సార్.”

“అదీ సంగతి. మోల్ అంటే మీ న్యాల్‌కల్ అంగడిలో కందులు కొలిచే సోల అనుకున్నవ్. పెద్ద కొలతను చిన్న కొలతలోకి మారిస్తే అంకె పెరగాలె. కిలోను గ్రాముల్లోకి మార్చు, పెరుగుతదా లేదా? నీకేమో తగ్గింది. ఇదెక్కడి లెక్క?”

“గంట కూడా సెకనుగ మారింది గద సార్. గంట సేపు వచ్చేదాంట్ల సెకనుకు వచ్చేది జర్రంతనే ఉంటది.”

“నాకే పాఠం చెప్తున్నవా?”

సారు నవ్వాడు. ఆయన నవ్వితే ముందు పొట్ట కదులుతుంది, తర్వాత పళ్ళు కనిపిస్తాయి. సచిన్ కూడా నవ్వాడు. ఎందుకు నవ్వుతున్నాడో అతనికి తెలిసినట్టు లేదు.

“చూడు సచిన్, నువ్వు మూడు పాయింట్ ఆరుతో గుణించినవ్ కదా? శభాష్. కాన్సెప్ట్ క్లియర్‌గా ఉంది.” ఆకుపచ్చ సిరాతో సచిన్ కాగితం మీద సంతకం గిలికాడు. శరణమ్మ కాగితం మీద అది చిరిగేలా అడ్డంగా ఒక గీత కొట్టాడు.

శరణమ్మకు ఏడుపు రాలేదు. అసహ్యం వేసింది. ఈ మహానుభావుడు ఏడాదికి రెండుసార్లు వస్తాడు, ఏసీలో కూర్చుని జీడిపప్పు తింటాడు, పోతాడు. రియాక్టర్ మెట్లు ఎక్కగా చూసినవాడు ఒక్కడూ లేడు.

“సరే సార్,” అంది. “రెండు గంటలకు రియాక్టర్ నడపాలె. షురూ చేద్దమా?”

“చెయ్యి. సచిన్ లెక్కే పెట్టు.”

“పెడత. సచిన్ సార్, మీరు హెల్మెట్ పెట్టుకొని రియాక్టర్ కాడికి పోండ్రి మరి.”

“వాడెందుకు?” అన్నాడు సుదర్శన్ సారు.

“ఈడ రివాజు సార్. మీటరు మారితే ఎవరి లెక్క పెడితే వాళ్ళు మొదటి గంట ఆడ నిలబడాలె. పోయినసారి పంపు మీటరు మార్చిన్రు, నేనే నిలబడ్డ.”

“అయితే నువ్వే నిలబడు. అలవాటే కదా.”

“నా లెక్క తప్పని మీరే అన్నరు గద సార్. తప్పు లెక్కోళ్ళను ఆడికి రానియ్యరు.”

సారు ఏదో అనబోయాడు. ఈలోగా సచిన్ హెల్మెట్ తగిలించేసుకున్నాడు. దాని మీది ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. “నేను పోత సార్, ఏం ఫికర్ లేదు,” అంటూ హుషారుగా వెళ్ళిపోయాడు. రెండు నిమిషాల్లో కెమెరా తెర మీద రియాక్టర్ పక్కన ప్రత్యక్షమై, వాళ్ళకు కనిపించేలా బొటనవేలు పైకెత్తి చూపించాడు.

శరణమ్మ తీరిగ్గా ఒక్కో అంకే కొట్టింది. ఒకటి. రెండు. తొమ్మిది. చుక్క. ఆరు.

“సార్, రోజూ పోయేదానికి ఇది పదమూడింతలైతది. మీరు ఊఁ అంటే ఎంటర్ కొడత.”

సారు అంత ఏసీలోనూ మెడ తుడుచుకున్నాడు. “జర ఆగు,” అన్నాడు.

“ఎందుకు సార్? శభాష్ అన్నరు గద.”

“ఆగమన్న కదా.”

“లెక్క తప్పా సార్?”

“తప్పని ఎవరన్నరు? లెక్క కరెక్టే.”

“అయితే కొట్టేస్త.”

ఆ మీట నొక్కే ఉద్దేశం శరణమ్మకు కలలో కూడా లేదు. పదమూడింతల అమ్మోనియా లోపలికి పోతే రియాక్టర్ పేలి, పక్కన నిలబడ్డవాడు ఏమవుతాడో ఆమెకు బాగా తెలుసు. కానీ ఆమెకు ఆ ఉద్దేశం లేదన్న సంగతి సారుకు తెలియదు. ఆమె వేలు ఎంటర్ వైపు జరిగింది. సారు కుర్చీ తన్నేసి లేచి, రెండు చేతులూ కీబోర్డుకు అడ్డం పెట్టాడు. తెర మీద సచిన్ ఇంకా బొటనవేలు చూపిస్తూనే ఉన్నాడు.

“పది కొట్టు తల్లీ, పదే,” అన్నాడు సారు. “ఆడ నిలబడ్డది మా అక్క కొడుకు.”