ఆపొద్దన్న ఫోను

"చీకట్లో నా మొహం దీనికి కనబడుతుందా అక్కా? మా పేటలో కరెంటు ఎప్పుడు పోతుందో దేవుడికే తెలియదు."

"కనబడుతుందన్నా."

"అసలు వేలిముద్ర ఎందుకు తీసేసినట్టు? ఇంత డబ్బు పోసి కొని, పొద్దస్తమానం దానికి మొహం చూపించుకుంటూ కూర్చోవాలా?"

"నువ్వు నిద్రపోతుంటే మీ ఆవిడ నీ వేలు పట్టుకుని తెరిచెయ్యకుండా," అంది తియంజానే.

కొట్లో ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు.

లింబే బజారులో తియంజానేది చిన్న ఫోన్ల కొట్టు. ఖరీదైన ఫోన్లలో వేలిముద్ర పోయి ముఖం వచ్చినప్పటి నుంచి, రిపేర్ల కంటే జనం అనుమానాలు తీర్చడమే ఆమెకు పెద్ద పనైపోయింది.

గడ్డం పెంచితే? తలకు గుడ్డ చుట్టుకుంటే? ముసలివాళ్లమైతే?

అన్నిటికీ ఆమె దగ్గర జవాబుంది. వినే ఓపికే పోయింది.

అప్పుడొచ్చాడు అతను, పరుగెత్తుకుంటూ.

వెలిసిపోయిన చొక్కా. మోకాళ్ల దాకా ఎర్రటి దుమ్ము. చేతిలో మాత్రం అద్దాల బీరువాలో పెట్టుకోదగ్గ ఫోను.

"అక్కా, రాత్రి నుంచి చార్జింగు ఎక్కట్లేదు. ఉన్నది అయిపోవస్తోంది. ముందు ఇందులో ఉన్నవి ఇంకో దాంట్లోకి..."

"ఆ వరసలో నిలబడు బాబూ."

అతను నిలబడ్డాడు. నిలబడినంతసేపూ ఫోను ముఖానికెదురుగా ఎత్తడం, అది తెరుచుకోగానే ఊపిరి పీల్చుకోవడం. మళ్లీ కాసేపటికి అదే పని.

"అంత అందగాడివా?" అన్నారెవరో వెనకనుంచి. అతను వినిపించుకోలేదు.

వంతు వచ్చింది. తియంజానే ఫోను అందుకుని, కింది రంధ్రంలోకి తొంగిచూసింది.

"లోపలి ముక్క ఊడింది. మార్చాలి. ఆపి, విప్పాలి."

"వద్దక్కా! ఆపొద్దు. ముందు అందులోవి ఎక్కించు..."

"ఆపకుండా విప్పితే కాలిపోతుంది. నీదీ అదే అనుమానమా? ఆపితే మొహం మరిచిపోతుందనా? ఏడాదిపాటు ఆపి ఉంచినా నీ మొహం ఎక్కడికీ పోదు."

"అది కాదక్కా, నా మాట..."

అప్పటికే ఆమె వేలు మీట మీద ఉంది. తెర నల్లబడింది.

"అక్కా!"

ఆ అరుపుకు వీధిలో మాండాజీ బూరెలు వేయిస్తున్న మనిషి కూడా తలెత్తి చూసింది.

తియంజానే తల అడ్డంగా ఊపి పనిలో పడింది. ముక్క మార్చింది. చార్జింగు ఎక్కింది. ఫోను వెలిగింది.

"చూశావా? ఊరికే కంగారుపడ్డావు. తాళం నంబరు కొట్టు. ఆపి తెరిచాక మొదటిసారి అదే అడుగుతుంది. తర్వాత నీ మొహం చాలు."

అతను నంబరు కొట్టలేదు. ఫోను ముఖానికెదురుగా ఎత్తాడు.

తెర మీద నంబరే అడుగుతోంది.

దించి, తుడిచి, మళ్లీ ఎత్తాడు.

"నంబరు కొట్టమంటున్నాను."

"తెలీదు."

"నీ ఫోను తాళం నంబరు నీకు తెలీదా?"

అతను వెలుతురు చాలలేదేమోనన్నట్టు గుమ్మం దగ్గరికి వెళ్లి అక్కడా ఎత్తి చూశాడు.

"సరిహద్దు అవతల జోనీ నగరంలో కొట్టేసిన ఫోన్లన్నీ ఇక్కడే తేలుతున్నాయి," అన్నాడు వరసలో ఒకడు.

"మరి ఇందాక తెరుచుకుంది కదా?"

"దొంగలు ఇప్పుడు మొహాలు కూడా మార్చేస్తున్నారట. అందుకే ఈ మొహాల ఫోన్లు నమ్మను నేను."

ఆ మాట తియంజానేకు గుచ్చుకుంది. తన కొట్టు పేరు పోతుంది. కాపలాదారు మ్వాలేను కేకేసింది.

మ్వాలే చెంప మీద ఒక్కటిచ్చి ఫోను లాక్కున్నాడు. దెబ్బ తగిలిన ధ్యాసే లేదు అతనికి.

"ఇంకొక్కసారి అక్కా, ఒక్కసారి నా మొహానికి చూపించు," అంటూనే ఉన్నాడు, మెడ పట్టి గెంటుతున్నా.

కొట్టు మూసేదాకా రోడ్డుకు అవతల నిలబడే ఉన్నాడు.

మర్నాడు ఒకామె వచ్చింది. వీపున గుడ్డలో కట్టుకున్న పసిపిల్ల.

"నిన్న ఇక్కడ ఒక ఫోను ఉంచుకున్నారట."

"ఉంచుకోక? మీ ఆయన సొంత ఫోను తాళం నంబరు చెప్పలేకపోయాడమ్మా."

"మా ఆయన లేడక్కా. వానలకు ముందు జోనీలో కూలికెళ్లి కట్టడం మీంచి పడి చనిపోయాడు. శవపెట్టెతో పాటు ఆ ఫోనూ వచ్చింది."

తియంజానే చేతిలోని పని ఆగిపోయింది.

"పాప పుట్టేసరికి ఆయన అక్కడే ఉన్నాడు. వచ్చేదాకా ఆగలేక, దీనికి చెప్పాలనుకున్న కబుర్లన్నీ రోజూ ఆ ఫోనులో చెప్పుకుని దాచుకున్నాడు. ఆ గొంతు వింటేగానీ ఇది నిద్రపోదు. రాత్రంతా ఒకటే ఏడుపు."

ఆమె మాటలో కోపం లేదు. అది ఉన్నా బాగుండుననిపించింది తియంజానేకు. డ్రాయరులోంచి ఫోను తీసి రెండు చేతులతో అందించింది.

"నిన్నొచ్చినాయన్ని ఒక్కసారి తీసుకురామ్మా. నేను మాట్లాడాలి."

"తెల్లారకముందే జోనీ బస్సెక్కాడు. మా ఆయనతో ఒకే గదిలో ఉన్నవాళ్లు అక్కడున్నారు. వాళ్లలో ఎవరికైనా ఆ నంబరు తెలిసుంటుందేమో అడిగొస్తానని."

"కానీ... అతని మొహానికి అది తెరుచుకోవడం నా కళ్లతో చూశానమ్మా. ఎవరతను?"

ఆమె వీపు మీది పాపను సర్దుకుంటూ, "మా ఆయనా, తనూ ఒకే కాన్పులో పుట్టారక్కా, చచ్చిపోయిన అన్న గొంతు ఈ పిల్లకు వినిపించడానికి ఇన్నాళ్లూ తన మొహమే చూపించి ఆ ఫోను తెరిచేవాడు," అంది.