తక్కువ తిరిగిన బండి

హేమచంద్ర బోనెట్ ఎత్తలేదు. ముందుగా డోర్ తెరిచి, వంగి, మీటరు చూశాడు.

2,317 మైళ్ళు.

యాభై ఏళ్ళు దాటిన కారు. ఇంగ్లాండులో తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. ముదురాకుపచ్చ రంగు ఎక్కడా వెలిసిపోలేదు. సీట్లు ఇంకా కొత్త చెప్పుల వాసన వేస్తున్నాయి. హేమచంద్ర దగ్గర ఇలాంటి పాత కార్లు పదకొండు ఉన్నాయి. ఒక్కటీ ఇంత తక్కువ తిరిగింది కాదు. అందుకే అనుమానం వచ్చింది.

“మీటరు వెనక్కి తిప్పలేదు కదా?”

తిరుమలగిరిలోని ఆ ఇంటి షెడ్డులో అతనితో పాటు ఇద్దరే ఉన్నారు. కారు అమ్ముతున్న నాంచారమ్మ, దాన్ని చూసుకునే మెకానిక్ తాజుద్దీన్. తాజుద్దీన్‌కి ఆ మాట నచ్చలేదు.

“ముప్పై ఏండ్ల సంది ఈ బండి నా చేతులనే ఉంది సార్. పదిహేను రోజులకొకసారి వస్త. ఇంజన్ షురూ చేస్త, పది నిమిషాలు ఉంచుత, బంద్ చేస్త. టైర్లు ఖరాబ్ గాకుండ చక్రాలు చేత్తోటి తిప్పుత. పెద్దసారు గేటు దాటనియ్యకపోతుండె. నాకు సుత ఒక్క రౌండ్ ఇయ్యలే.”

పెద్దసారంటే నాంచారమ్మ భర్త నరసరాజు. రాంగోపాల్‌పేట్‌లో శానిటరీ సామాన్ల షాపు ఉండేది. 1991లో దేశం విడిచి వెళ్తున్న ఓ విదేశీ ఇంజనీరు దగ్గర ఈ కారు కొన్నాడు. పోయినేడాది గుండెపోటుతో చనిపోయాడు.

“కాగితం మీద ఏదైనా రుజువుంటే బాగుంటుందమ్మా,” అన్నాడు హేమచంద్ర. “ఇలాంటి కార్లకి మైలేజే ప్రాణం. వాడలేదని ఊరికే చెప్తే ఎవరూ నమ్మరు.”

నాంచారమ్మ లోపలికెళ్ళి ఒక ఫైలు తెచ్చింది. అందులోంచి పాత ఆస్పత్రి కాగితం తీసి ఇచ్చింది. 1998 ఆగస్టు. పేరు నీహారిక. వయసు ఆరు. తీసుకొచ్చేసరికే ప్రాణం లేదని రాసి ఉంది.

“మా అమ్మాయండి. ఉబ్బసం ఉండేది. ఆ రోజు జోరున వాన. పిల్లకి ఊపిరాడట్లేదు. తడిస్తే కారు కింద తుప్పు పడుతుందని మావారు ఆటో కోసం పరిగెత్తారు. నలభై నిమిషాలకి దొరికింది.” ఆవిడ గొంతు మారలేదు. “ఎందులో తెచ్చారో కూడా రాశారు, చూడండి. ఆటోలో అని.”

హేమచంద్ర తలదించుకున్నాడు. తర్వాత ఫోన్ తీసి, ఆ కాగితాన్ని ఫోటో తీసుకున్నాడు.

“తర్వాతైనా వాడలేదా అమ్మా?”

“తర్వాత జాగ్రత్త ఇంకా ఎక్కువైంది. దీనికోసం ఇప్పటికే అంత పోగొట్టుకున్నాం కదా అనేవారు.”

తాజుద్దీన్ అటు తిరిగి, శుభ్రంగా ఉన్న అద్దాన్నే మళ్ళీ తుడిచాడు.

“మరి ఆయన పోయిన రోజు?” అన్నాడు హేమచంద్ర.

“అంబులెన్సు రావడం ఆలస్యమైంది.”

“అప్పుడు కూడా కారు బయటికి రాలేదా?”

“రాలేదు.”

హేమచంద్ర కారు మీద చెయ్యి వేశాడు.

“గొప్ప మనిషమ్మా. ప్రాణం పోతున్నా దీన్ని కదలనివ్వలేదు. మా పాత కార్ల క్లబ్బులో చెప్తే ఆశ్చర్యపోతారు.”

అతని కళ్ళు చెమ్మగిల్లాయి. పాప కాగితం చూసినప్పుడు చెమ్మగిల్లలేదు.

ఆ మాటే ఒక కాగితం మీద రాశాడు. కొన్నప్పటి నుంచీ వాడలేదనీ, యజమాని ఆఖరి రోజున కూడా కారు షెడ్డులోనే ఉందనీ. నాంచారమ్మ చదివి సంతకం పెట్టింది. అందులో అబద్ధమేమీ లేదు.

కారును తీసుకెళ్ళే లారీ వచ్చి గేటు ముందు ఆగింది. పలకలు దించారు. తాజుద్దీన్ కారెక్కబోతుంటే ఆవిడ ఆపింది.

“నువ్వుండు తాజుద్దీన్. నేను ఎక్కిస్తాను.”

చీర కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చుంది. స్టార్ట్ చేసింది. ఒక్క కుదుపు లేకుండా షెడ్డులోంచి తీసి, పలకల మీదుగా లారీ మీదికి ఎక్కించింది.

“మీకు డ్రైవింగ్ వచ్చా?” అన్నాడు హేమచంద్ర.

“పాప చనిపోయిన నెలలోనే నేర్చుకున్నాను. లైసెన్సు కూడా ఉంది.”

“ఒక్కసారి బజార్ దాకా పోయి రారాదమ్మా,” అన్నాడు తాజుద్దీన్. “సార్ ఏమనడు.”

“వద్దు, వద్దు,” అన్నాడు హేమచంద్ర కంగారుగా. “ఒక్క మైలు కూడా పెరగకూడదు.”

“తెలుసండి,” అని నాంచారమ్మ దిగింది.

లారీ సందు మలుపు తిరిగింది. తాజుద్దీన్ చాలాసేపు అటే చూశాడు.

“పెద్దసారు ఉంటే ఏడ్చెటోడమ్మా.”

నాంచారమ్మ ఖాళీ షెడ్డు తలుపులు దగ్గరికి వేసింది.

పోయినేడాది ఆ మధ్యాహ్నం నరసరాజు గుండె పట్టుకుని, కారు తాళాలు తనే తీసి ఆమె చేతిలో పెట్టి, ఆస్పత్రికి పోనివ్వమని మూడుసార్లు బతిమాలితే, నాంచారమ్మ వాటిని తిరిగి మేకుకి తగిలించి అంబులెన్సుకి ఫోన్ చేసింది.