తోడు తిరిగిన రోజులు

నెల్లూరు బస్సు దిగి బడేబీ నేరుగా కావలి చేపల మార్కెట్టుకే వచ్చింది. మస్తానమ్మ పండుగప్పకు పొలుసు గీకుతోంది.

“నాది ముదిరిందంట,” అంది బడేబీ పక్కన పీట లాక్కుని కూర్చుంటూ. “కడుపులో గడ్డ. కోసినా లాభం లేదన్నాడు డాక్టరు. ఎండాకాలం దాటితే గొప్పంట.”

మస్తానమ్మ చెయ్యి ఆగలేదు. పొలుసు తీసింది. మొప్పలు లాగింది. ముక్కలు కోసి, కడిగి, కొన్నాయనకు కవర్లో వేసిచ్చింది. అప్పుడు అడిగింది.

“మరి నాదో?”

“నీది పుండు. కారం తగ్గించి మాత్రలు మింగమన్నాడు.”

ఊళ్లో పెట్టిన వైద్య శిబిరంలో ఇద్దరూ కడుపునొప్పనే చూపించుకున్నారు. పై పరీక్షలు నెల్లూరులో చేశారు. ఫలితం కనుక్కోవడానికి మస్తానమ్మ బేరం వదిలి పోలేక కూతురు రోజారమణిని బడేబీకి తోడు పంపింది. ఆ పిల్ల ఇప్పుడు వెనక నిలబడి నేల చూస్తోంది.

మార్కెట్టు ముందు అరుగు మీద బడేబీ మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. బోగోలు పక్క పల్లె నుంచి తెచ్చిన తట్టను మస్తానమ్మ ఆ అరుగు కిందే దించుతుంది. ఇద్దరికీ పెళ్ళయిన కొత్తలో మొదలైన స్నేహం. ఇప్పుడు ఇద్దరికీ మొగుళ్ళు లేరు.

“నాకోసం ఏడ్చేవాళ్ళు ఇంటినిండా ఉండారు,” అంది బడేబీ. “నాతో తిరిగేదానివి నువ్వొక్కదానివే. రేపట్నుంచి తట్ట మానెయ్ మే.”

మొగుడు పోయిన నెలలోనే తట్ట ఎత్తిన మనిషి మస్తానమ్మ. మర్నాడు దాన్ని కడిగి బోర్లించింది.

ఏడుపు రాలేదు. పొద్దంతా ఐసులో పెట్టిన వేళ్ళలాగా లోపలంతా తిమ్మిరెక్కి ఉంది. గిల్లినా తెలిసేట్టు లేదు.

“యాడికి పోదాం?” అని అడిగింది.

“నాకేం తెలుసు? అరుగు దాటి ఎరగను. నువ్వే చెప్పు. నీకేది చూడాలని ఉంటే అదే నాకూ.”

అందుకని ఇద్దరి తరఫునా మస్తానమ్మే ఆలోచించేది. నెల్లూరులో ఏసీ హాల్లో సినిమా చూశారు. మలై కాజా తిన్నారు. బిట్రగుంటలో రైలెక్కి చెన్నై పోయి, పెద్ద షాపులో కదిలే మెట్ల మీద కాలు పెట్టడానికి భయపడి, మామూలు మెట్లెక్కి అన్ని అంతస్తులూ తిరిగి వచ్చారు. హాల్లో మస్తానమ్మ నిద్రపోయింది. కాజా రుచి ఆమెకు తెలియలేదు. బడేబీ మాత్రం రెండు తినింది. తిననీ, అనుకుంది మస్తానమ్మ. ఇంకెన్నాళ్ళు తింటుంది.

ఎక్కడికి పోయినా వేళకు మాత్రలు బయటికి తీసేది బడేబీ.

“ఒక్కదాన్నే మింగలేనుమే. నువ్వూ నీ పుండుకు మింగు.”

ఆమె కోసమని మస్తానమ్మ మింగేది.

సంక్రాంతి దాటేసరికి మస్తానమ్మ జాకెట్లు వదులైపోయాయి. బడేబీయే వాటిని విప్పి బిగించి కుట్టింది. స్నేహితురాలి దిగులు మస్తానమ్మను తినేస్తా ఉందని పల్లెలో అనుకున్నారు.

ఒకరోజు మస్తానమ్మ తన తమ్ముడు చిన్నపోలయ్య దగ్గరికి పోయి ఇద్దరినీ బోటెక్కించమంది. ఆ పల్లెలో ఆడవాళ్ళు బోటెక్కరు.

“నలుగురూ ఏమంటారక్కా?”

“పోయే మనిషి కోసంరా.”

చిన్నపోలయ్య అక్క మొహంలోకి చూశాడు. పోయి బోటు నీళ్ళలోకి తోశాడు.

అలలు దాటాక ఇంజను ఆపాడు. పుట్టినప్పటి నుంచి సముద్రం పక్కనే ఉన్న మస్తానమ్మ సముద్రంలోంచి ఊరిని చూడడం అదే మొదటిసారి. నీళ్ళ ట్యాంకు వేలెడంత ఉంది. ఇళ్ళన్నీ కలిసి ఒక గీతలాగా ఉన్నాయి.

“ఇంతేనామే మా ఊరు?”

“ఇంతే,” అంది బడేబీ.

“దీంట్లోనే కదా అంత కొట్లాడుకుంటిమి.”

మస్తానమ్మ నవ్వింది. మార్కెట్టులో ఆ మాట విన్న తర్వాత నవ్వడం అదే మొదలు. బడేబీ చెయ్యి పట్టుకుంది. బడేబీ మొహం అటు తిప్పుకుని, ఉప్పుగాలికి కళ్ళు మండుతున్నాయంది.

ఎండలు ముదిరాక మస్తానమ్మ మంచం దిగలేకపోయింది. బడేబీ రోజూ కావలి నుంచి ఆటోలో వచ్చి పక్కన కూర్చునేది. చెంచాతో జావ పట్టేది.

“పోయేదానివి నువ్వు, పడుకునింది నేను,” అంది మస్తానమ్మ. “సిగ్గుగా ఉంది.”

“లేస్తావులే.”

“ఒకటి చెప్పనా? ఒక్కరోజు కూడా నాకు ఏడుపు రాలేదుమే. రాతిగుండె అనుకోబాక.”

“అనుకోలా.”

“పొద్దున లేస్తానే ఈరోజు దీనికేం చూపించాలా అని ఉండేది. దాంతోనే సరిపోయె.”

“నాకూ అంతే,” అంది బడేబీ.

కాసేపటికి మస్తానమ్మకు కునుకు పట్టింది. నోట్లో చెంచా పెట్టినా మింగలేదు. బడేబీ ఆమె మూతి తుడిచి, ఫ్యాను ఇటు తిప్పి, వసారాలోకి వచ్చింది.

గడపలో కూర్చున్న రోజారమణి లోపలికి ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగింది.

“ఇంక రెండు మూడు రోజులేనంట పెద్దమ్మా, ఆ జబ్బు నీది కాదు తనదని ఇప్పుడన్నా అమ్మకు చెప్పేద్దామా?”