నల్లబండ దగ్గర మలుపు

మేనమామ ఖాకీ చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని సాక్షుల బల్ల దగ్గర నిలబడేసరికి మేనకోడలికి ఒళ్లు మండిపోయింది. చిన్నప్పుడు ఆయన భుజం మీద గొర్రెపిల్ల లేని వేళ తనే ఉండేది. అలాంటి మనిషి ఆర్నెల్ల కిందట మందను అక్కకి అప్పగించేసి, కంపెనీవాళ్ల దగ్గర కాపలా ఉద్యోగంలో చేరిపోయాడు. అప్పట్నుంచి వాళ్ల నలభై గుడిసెల్లో ఆయన్ని పలకరించే నాథుడే లేడు.

కొండల నుంచి ఏటి దాకా మందల్ని తోలుకెళ్లే దారి మధ్యలో పెద్ద మైదానం ఉంది. దాని చుట్టూ కంచె వేస్తానంటోంది కంపెనీ. కంచె పడితే మందలు ఏరు చేరవు. చేరకపోతే ఈ ఎండాకాలానికే అన్నిటినీ కసాయికి తోలేయాలి. తాతల నాటి నుంచీ మేపుకుంటున్నామని ఎంత మొత్తుకున్నా, చూపించడానికి కాగితం లేదు. మీ మాట మీకే అనుకూలంగా ఉంటుంది, ఎదుటివాళ్లు ఒప్పుకుంటే అప్పుడు చూద్దామని విచారణాధికారి మొదటి వాయిదాలోనే తేల్చేశాడు. ఒప్పుకోవడానికి ఎదుటివాళ్లకేమైనా పిచ్చా?

మేనమామ గొంతు సవరించుకున్నాడు. తాను పుట్టింది గొర్రెలకాపరుల్లోనేననీ, ఆ మైదానంలో ఏ మందా ఏనాడూ అడుగు పెట్టలేదనీ, అక్కడ చుక్క నీరు లేదనీ గడగడా అప్పజెప్పాడు. కంపెనీ వకీలు కుర్చీలో హాయిగా వెనక్కి వాలాడు.

మేనకోడలు పళ్లు నూరింది. అమ్మ మాత్రం కొంగు బిగించి లేచి, తమ దారి ఎలా సాగుతుందో ఒక్కసారి చెప్పుకుంటానంది. వకీలు ఆవలించాడు. అధికారి కానిమ్మన్నాడు.

అమ్మ రోజులవారీగా చెప్పుకొచ్చింది. "మూడోనాడు నల్లబండ దగ్గర పడమటికి తిరుగుతాం అయ్యా. చూడి గొర్రెల్ని ముందు పెట్టుకుని తిన్నగా ఏటికి పోతాం."

మేనకోడలు ఉలిక్కిపడింది. అమ్మకి మతిగానీ పోయిందా? సరిదిద్దుదామని లేవబోయేలోపే ఇంకో గొంతు లేచింది.

"పడమటికేంటక్కా?" అన్నాడు మేనమామ. "చూడి గొర్రెలు అటు ఎండకి ఒక్కపూట బతకవు. తూర్పుకి తిరగాలి. మైదానంలో తాత తవ్విన బావి దగ్గర రెండ్రోజులు ఆగి, ఈనినవాటిని విడదీసి, అప్పుడు కదా కదిలేది. ఏటేటా చేసే పని కూడా మర్చిపోతే ఎలా?"

వకీలు కుర్చీ టక్కున ముందుకొచ్చింది. మేనమామ నాలుక కరుచుకుని తల దించుకున్నాడు. తిట్టినా పడతారు గానీ, దారి తప్పుగా చెబితే మాత్రం వాళ్లలో ఏ ముసలాడూ నోరు మూసుకుని కూర్చోలేడు.

అధికారి కళ్లజోడు తీసి, ఆ బావి ఎక్కడుందో చూపించమన్నాడు. గంటలో అందరూ మైదానంలో ఉన్నారు. కంపెనీ బండలు కప్పించి పైన పోయించిన కంకర కుప్పను తీయిస్తే, రాతికట్టు బావి నీళ్లతో సహా బయటపడింది. పక్కనున్న రాతి తొట్టి అంచులు ఎన్నో తరాల గొర్రెల మెడలు రాసుకుని నున్నగా అరిగిపోయి ఉన్నాయి. వకీలు ఏదో అనబోయాడు. చెప్పింది మీ సాక్షేగా అని అధికారి అతని నోరు మూయించాడు.

సాయంత్రానికి ఉత్తర్వు చేతికొచ్చింది. కంచె వేయడానికి వీల్లేదు, మేపుకునే హక్కు ఆ నలభై కుటుంబాలదే. ఆఫీసు ముందు ఆడవాళ్లు ఒకరినొకరు కావలించుకుని ఏడ్చారు. మగవాళ్లు అమ్మ తెలివిని మెచ్చుకుంటూ, నోరు జారిన ముసలాణ్ని తలుచుకుని పడీపడీ నవ్వారు. మేనకోడలి గుండె సంతోషంతో నిండిపోయింది, కసి మాత్రం తీరలేదు. మమ్మల్ని గట్టెక్కించింది నీ నోటి దురద, నువ్వు కాదు అని మొహం మీదే అనేద్దామని మేనమామని వెతుక్కుంటూ ఆఫీసు వెనక్కి వెళ్లింది.

ఆయన గోడకి చేరబడి ఉన్నాడు. ఎదురుగా ఆయన రెండు చేతులూ పట్టుకుని అమ్మ నిలబడి ఉంది.

"నువ్వు చెప్పమన్న తప్పే చెప్పాను కదరా, తమ్ముడూ?"