కళ్ళంలో ఎవరూ లేరు

“ఇందులో మనుషులున్నారు. తీసుకుపో” అంది రహిమున్నీసా, తస్బీ పూసలు తిప్పడం ఆపకుండానే.

హయాత్ తను వేసి తెచ్చిన బొమ్మ వంక మళ్ళీ చూసుకున్నాడు. ప్రత్తిపాడు సెంటర్లో బోర్డులు రాసే కుర్రాడతను. నమాజు చదివే గదిలో ప్రాణమున్నవాటి బొమ్మ ఉండకూడదని ముసలామె ముందే చెప్పింది. బొమ్మ కుదిరితే, తన మనవరాలు నజ్మీన్‌ని అతనికిచ్చే సంగతి ఆలోచిస్తానని కూడా చెప్పింది.

“మనుషులెక్కడున్నారు నానీ? కళ్ళంలో ఆరబోసిన మిరపకాయలు, వెనక పత్తిచేను, ఓ పక్కన పాక. అంతేగా! ఆఖరికి కాకిని కూడా వెయ్యలేదు.”

“ఫ్లెక్సీలొచ్చాక నీకు పని తగ్గిందిగా, తీరిగ్గానే వేశావులే. మరి పాక చూరులోంచి ఆ పొగేంటి?”

“లోపల టీ కాగుతూ...” హయాత్ నాలిక్కరుచుకున్నాడు.

“దానంతటదే కాగుతోందా?”

తలుపు చాటున ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకెవరు, నజ్మీనే.

రహిమున్నీసా కళ్ళజోడు సర్దుకుని బొమ్మ దగ్గరికి జరిగింది.

“కాయలు సగమే తిరగేసి ఉన్నాయి. మిగతా సగం వదిలేసి లోపలికి పోయారన్నమాట. పోనీ అలిసిపోయి పోయారా అంటే, అదీ కాదు. అలిసినోళ్ళు చెప్పులు ఓ పక్కన విడుస్తారు. ఇక్కడ చూడు, ఒకటి తూర్పుకి, ఒకటి పడమరకి! మంచి హుషారు మీదున్నారు.”

“గాలికి చెదిరుంటాయి నానీ.”

“రెండు జతలూనా? పెద్దవి మగాడివి. చిన్నవి ఆడపిల్లవి. ఎడమకాలి చెప్పు తెగితే పిన్నీసు పెట్టుకుంది, పాపం.”

అంటూనే ఆమె చూపు బొమ్మ మీంచి గుమ్మం వైపు మళ్ళింది. అక్కడ నజ్మీన్ విడిచిన చెప్పులున్నాయి. ఎడమకాలి దానికి పిన్నీసు తళుక్కుమంటోంది.

తలుపు చాటున నవ్వు టక్కున ఆగిపోయింది.

హయాత్‌కి కంటితో చూసింది చూసినట్టు వేసెయ్యడం అలవాటు. ఆ అలవాటే ఇప్పుడు కొంప ముంచింది. చేజేతులా సంబంధం చెడగొట్టుకున్నాడు.

“తప్పయిపోయింది నానీ! ఇప్పుడే చెరిపేస్తాను” అంటూ కంగారుగా సంచిలోంచి కుంచె తీశాడు.

రహిమున్నీసా అతని చెయ్యి పట్టుకుని ఆపింది. ఆమె మొహంలో నవ్వూ లేదు, కోపమూ లేదు.

“చెరిపితే నేను చూసింది చూడనట్టు అయిపోద్దా? అవి అట్టాగే ఉండనీ. వాటి పక్కనే నా చెప్పులు కూడా వెయ్యి. నిఖా అయ్యేదాకా ఆ పాకలో మీరిద్దరే ఉండటానికి వీల్లేదు!”