ఒలకని పులుసు

అన్యాయం జరిగింది ఎవరికి?

వీరలక్ష్మికి. ఊళ్లో ఎవరిని అడిగినా ఇదే జవాబు.

చేసింది ఎవరు? పటాన్‌చెరులో ఒక రసాయనాల ఫ్యాక్టరీ గేటుకు కాపలా కాసిన ఓదెలు.

ఏం చేశాడు? పదకొండేళ్ల పసిపిల్లను మూడేళ్లు ఏడిపించాడు.

ఆమె తండ్రి సోమయ్య ఆ ఫ్యాక్టరీలోనే కార్మికుడు. పదకొండున్నరకు బడి విడవగానే వీరలక్ష్మి తండ్రికి అన్నం డబ్బా పట్టుకొని రెండు మైళ్లు పరుగెత్తేది. పన్నెండు గంటల సైరన్ మోగితే ఓదెలు గేటు మూసేవాడు.

"ఒక్క నిమిషమే తాతా!"

"సైరన్ అయింది. రేపు రా."

వేళకు అందుకున్న రోజున డబ్బా మూత తీసి చూసేవాడు.

"పులుసు ఒలికింది. వాపసు తీసుకపో."

ఒలకకుండా తేవడం నేర్చుకుంది. అప్పుడు ఇంకొక మాట అన్నాడు.

"రేపటి సంది పది నిమిషాల ముందే మూస్త."

మిగతా పిల్లలు తెచ్చిన డబ్బాలన్నీ పన్నెండు దాకా లోపలికి వెళ్తూనే ఉండేవి. ఈ ఒక్క పిల్లకే ఈ శిక్ష ఎందుకు? ఇది ఏ కంపెనీ నిబంధన? అడిగినవాడు లేడు. తిట్టినవాళ్లు మాత్రం ఊరినిండా ఉన్నారు.

1998లో వీరలక్ష్మి జాతీయ పోటీల్లో ఐదు వేల మీటర్ల పరుగులో బంగారు పతకం గెలిచింది.

ఊరి బడి ఆవరణలో సన్మానం ఏర్పాటు చేశారు. సోమయ్య అన్న మల్లయ్య మైకు అందుకున్నాడు.

"ఇదంత రక్తం! మా నాయన ఎడ్లబండితోని సమానంగ ఉరికెటోడు. పరుగుల దీని భుజాలు ఇంచు గూడ కదలవని పేపర్ల రాసిన్రు. అది ఒకలు నేర్పితె వస్తదా? పుట్టుకతోనే రావాలె!"

చప్పట్లు మోగాయి.

మైకు ప్రధానోపాధ్యాయినికి ఇచ్చి దిగిన మల్లయ్యకు బడి గేటు దగ్గర ఒక ముసలివాడు కనిపించాడు. చేతిలో సొట్టపడిన అల్యూమినియం డబ్బా.

"ఏం మొకం పెట్టుకొని వచ్చినవ్ ఓదెలూ?"

"పిల్లను ఒక్కసారి సూసి పోత, పటేలా."

"దానికి గేటు మూసినోనివి. ఇయ్యాల మా గేటు నీకు మూసినం. నడువ్."

"ఎన్ని నిమిషాలల్ల ఉరికింది?"

"నీకెందుకు? పతకం నువ్విస్తవా?"

వేదిక మీద ప్రధానోపాధ్యాయిని అడుగుతోంది.

"నీ మొదటి గురువు ఎవరమ్మా?"

"గురువు లేడు మేడం. ఒక శత్రువు ఉన్నడు," అంది వీరలక్ష్మి. "ఫ్యాక్టరీ గేటు మూసినాయన. ఇప్పటికీ ఆయన మీద కోపంతోనే ఉరుకుత."

జనం గొల్లున నవ్వారు. గేటు బయట ఓదెలు కూడా నవ్వాడు.

"మంచిదే. ఆ కోపం తగ్గొద్దు," అన్నాడు. డబ్బాను గోడ మీద పెట్టాడు. "ఇది సోమయ్యకు ఇయ్యి పటేలా." రోడ్డు వైపు నడిచి వెళ్లిపోయాడు.

మల్లయ్య మూత ఎత్తి చూశాడు. డబ్బాను రెండు వేళ్లతో పట్టుకొని వేదిక మీదికి తెచ్చాడు.

"తమ్మీ, ఆ గేటోడు నీకు రొట్టెలు తెచ్చిండు. కుక్కలకెయ్యి."

సొట్టపడిన మూత చూడగానే సోమయ్య లేచి నిలబడ్డాడు. డబ్బాను రెండు చేతులా అందుకున్నాడు.

"బిడ్డా, గేటు మూసిన దినాలల్ల నేనేం తిన్ననో ఎరుకేనా?"

"పస్తున్ననంటివి కద బాపూ?"

"పస్తున్నది నేను కాదు, ఓదెలు. ఈ డబ్బ నాకిచ్చి ఆయన నీళ్లు తాగి డ్యూటీ చేసెటోడు. 'నువ్వు తిన్నవని తెలిస్తే పిల్ల ఉరకదు, చెప్పకు' అన్నడు. మిలిట్రీల ఉన్నప్పుడు పరుగుల పోటీలకు పోయిన మనిషి. మొదటి దినమే నిన్ను సూసి, 'కాళ్లు దేవుడిచ్చిండు, భుజాలు మనం నేర్పాలె' అన్నడు. అందుకే పులుసు ఒలికితె వాపసు పంపెటోడు."

మల్లయ్య ముఖం నల్లబడింది.

"తక్కువ కులపోని డబ్బల తిన్నవా?"

"తిన్న. మూడేండ్లు, బాయిలర్ షెడ్డు ఎనక దాక్కొని తిన్న. పిల్ల పెద్దగైనంక చెప్పాల్సింది. నువ్వు గిట్లంటవనే నోరు మూసుకున్న. ఊరంత ఆయనను తిడుతుంటె ఇనుకుంట కూసున్న. రక్తమంటివి గద అన్నా, మరి నీ కొడుకులది ఏం రక్తం? బస్సు కోసం నాలుగడుగులు ఉరికితె కూలబడ్తరు!"

వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

వీరలక్ష్మి అప్పటికే వేదిక మీద లేదు. పట్టుచీర కుచ్చిళ్లు ఎగదోపుకొని రోడ్డు మీద పరుగెత్తుతోంది. భుజాలు కదలడం లేదు.

బస్సెక్కబోతున్న ఓదెలు చెయ్యి పట్టుకొని వెనక్కి తీసుకొచ్చింది.

"కోపం పోయిందా బిడ్డా?" అన్నాడతడు భయంగా.

"పోలే తాతా. ఇంకా పెరిగింది. పదేండ్లు నాకు చెప్పనందుకు."

గేటు దగ్గర అడ్డుకున్నవాడు లేడు. పదేళ్ల తిట్లను వెనక్కి తీసుకోగలవాడూ లేడు.

ఆమె అతన్ని వేదిక మీద తన కుర్చీలో కూర్చోబెట్టింది. విందు పందిరికి వెళ్లి, తనకని వడ్డించి ఉంచిన పళ్లెం, అంచుదాకా పచ్చిపులుసు నిండిన గిన్నె తెచ్చి అతని ముందు పెట్టింది.

ఓదెలు అలవాటుగా గిన్నె అంచు చూశాడు. ఒక్క చుక్క ఒలకలేదు.

మూడేళ్లు షెడ్డు వెనక దాక్కొని తిన్న ఆ జొన్నరొట్టెను సోమయ్య ఆ రోజు తన అన్న ఎదుట, ఊరంతా చూస్తుండగా, గురువు పక్కన కూర్చొని చివరి ముక్క వరకు తిన్నాడు.